డాంటే నరకానికి కొలతల ప్రకారం మ్యాప్: ఎనిమిదో వలయం దాకా

ఇటలీ కవి డాంటే రాసిన ‘డివైన్ కామెడీ’ కావ్యంలో నరకం భాగం చదువుతూ దానికి మ్యాప్ గీస్తున్నాను. ఎనిమిదో వలయం, అంటే మోసగాళ్లని పది కందకాల్లో పడేసిన చోటు, పెన్సిల్ వరకు అయిపోయింది.

కొలతలు కవే ఇచ్చాడు. తొమ్మిదో కందకం చుట్టుకొలత 22 మైళ్లని 29వ సర్గలో వస్తుంది, పదోది 11 మైళ్లు, అడ్డంగా అర మైలుకి తగ్గదు అని 30వ సర్గలో. 22ని 22/7తో భాగించి చూడండి, వ్యాసం 7 మైళ్లు వస్తుంది, లోపలిదానికి మూడున్నర. అదే లెక్కన బయటికి వెళ్తే ఒక్కో కందకానికీ మూడున్నర చొప్పున పెరిగి మొదటిది 35 మైళ్ల దగ్గర ఆగుతుంది. మైలుకి ఒక సెంటీమీటరు పెట్టుకున్నాను. ఏ2 షీట్ పొట్టి వైపు 42 సెంటీమీటర్లు కాబట్టి హాయిగా పడుతుంది. జామెట్రీ బాక్స్ కంపాస్ అంత దూరం సాగదు. గట్టి అట్టముక్క ఒక కొసన గుండుసూది గుచ్చి, కావలసిన దూరాల్లో పెన్సిల్ మొన పట్టేంత కన్నాలు పెడితే చాలు, సూది దిగేచోట టేపు అంటించండి, కాగితం చిరగదు. 1588లో, ఇంకా పాతికేళ్లు నిండని గెలీలియో ఫ్లోరెన్స్‌లో ఈ నరకం కొలతల మీదే ఉపన్యాసాలిచ్చాడు. లెక్క వేస్తుంటే ఆయన్ని ఇది ఎందుకు లాగిందో బాగా అర్థమైంది.

కందకాల మీద రాతి వంతెనలు బండి చక్రం ఆకుల్లా మధ్య బావి వైపు వస్తాయి. ఆరో కందకం మీద మాత్రం అన్నీ విరిగే ఉండాలి. క్రీస్తు చనిపోయినప్పుడు వచ్చిన భూకంపంలో కూలాయని 21, 23 సర్గలు కలిపి చదివితే తెలుస్తుంది, అందుకని అక్కడ గీతలు ఆపేశాను. రాయి ఇనుము రంగు అన్నాడు కాబట్టి నల్ల ఇంకుని బాగా పలచన చేసి పూయాలి.

ఐదో కందకం దగ్గర చాలాసేపు ఆగాను. నరకం అంటే మనకు సలసల కాగే నూనె గుర్తొస్తుంది, ఇక్కడ కాగేది తారు, అదీ వెనిస్ ఓడల కార్ఖానాలో చలికాలంలో పడవల పగుళ్లు పూడ్చడానికి కాచే తారు! ఒకడు కొత్త పడవ కడుతున్నాడు, ఇంకొకడు తెడ్లు చెక్కుతున్నాడు, మరొకడు తాళ్లు పేనుతున్నాడు, తెరచాపకి అతుకులేసేవాడు వేరే. నరకం మధ్యలో ఇంత పని జరిగే చోటు చూపిస్తాడు. నాకు ఈ కావ్యంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే, చూడని లోకాన్ని చూసిన పనులతో కట్టడం. ఆత్మహత్య చేసుకున్నవాళ్లు చెట్లయిన 13వ సర్గలో రెమ్మ విరిస్తే, ఒక కొస మండుతున్న పచ్చికట్టె రెండో కొస నుంచి రసం కారుతూ బుస్సుమన్నట్టు, మాటలూ నెత్తురూ కలిసి వస్తాయి. కట్టెల పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లకి వివరణ అక్కర్లేదు.

తర్వాత బావి చుట్టూ నిలబడ్డ రాక్షసకాయులు. వాళ్లలో ఒకడైన నిమ్రోదు ముఖం, అప్పట్లో రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి దగ్గరున్న కంచు పైన్‌కాయంత పొడవట. అది దాదాపు 4 మీటర్లు, ఆ లెక్కన మనిషి మొత్తం 30 మీటర్లు వేసుకున్నా నా స్కేల్లో 0.3 మిల్లీమీటర్ల పెన్ను చుక్కంత కూడా రాడు, కాబట్టి వాళ్లకి వేరే షీట్, వేరే స్కేలు.