పక్కింటావిడ పెన్సిల్వేనియా కాదు: నా పీహెచ్‌డీ ఇంటర్వ్యూ కథ

నిన్న సాయంత్రం పీహెచ్‌డీ సెలెక్షన్ లిస్టులో నా హాల్ టికెట్ నంబర్ కనిపించింది. అమ్మ మూడుసార్లు చదివించుకుంది. నెట్ పరీక్ష ఎలా క్వాలిఫై అయ్యానో రాయను, పాత ప్రశ్నపత్రాలు తిరగేశాను, అంతే. చెప్పాల్సింది పోయినేడాది తప్పిన ఇంటర్వ్యూ గురించి.

అప్పుడు నా ప్రపోజల్ డ్వాక్రా సంఘాల మీద. చేరినవాళ్ల ఆదాయం చేరనివాళ్లకంటే ఎక్కువుంటే అది సంఘం చలవేనని ధీమాగా చెప్పాను. ప్యానెల్లో చివర కూర్చున్న మేడమ్ అడిగారు: "మీ అమ్మగారు సంఘంలో ఉన్నారామ్మా?" ఉన్నారన్నాను. "మరి పక్కింటావిడ?" "లేరండీ, నెలనెలా పొదుపు కట్టే వీల్లేదు ఆవిడకి." మాట నోరు దాటాక తెలిసింది, నా ప్రపోజల్‌ని నేనే కూల్చుకున్నానని. కట్టగలిగినవాళ్లే చేరారు. ఇక ఆదాయం పెరిగింది సంఘం వల్లా, ముందునుంచీ ఉన్న చేవ వల్లా? దీన్నే సెలెక్షన్ బయాస్ అంటారు, దాని డెఫినిషన్ మాత్రం నాకు కంఠతా వచ్చు!

ఇంటికొచ్చి, కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు తగ్గుతాయా అని చూసిన ఆర్థికవేత్తలు కార్డ్, క్రూగర్‌ల 1994 పేపర్ మళ్లీ తీశాను. ఈసారి చదవలేదు, కరెంటు బిల్లు వెనక నాలుగు గళ్లు గీశాను: రెండు అమెరికా రాష్ట్రాలు, ఒక్కోదానికి ముందు, తర్వాత. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. రెండుచోట్లా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ షాపులు. ఫుల్‌టైమ్ లెక్కన షాపుకు సగటు ఉద్యోగులు న్యూజెర్సీలో 20.44 నుంచి 21.03 అయ్యారు, పెన్సిల్వేనియాలో 23.33 నుంచి 21.17కి తగ్గారు. ఒకచోట 0.59 పెరుగుదల, ఇంకోచోట 2.16 తగ్గుదల, మధ్య తేడా 2.75. పేపర్లో 2.76 అని ఉంటుంది, రౌండింగ్ అది, టెన్షన్ పడకండి.

వేతనం పెంచకపోయుంటే న్యూజెర్సీ ఏమయ్యేదో పెన్సిల్వేనియాని చూసి ఊహిస్తున్నాం. రెండూ ఒకే తీరున నడిచేవన్న నమ్మకం కూలితే లెక్కంతా పోతుంది. ప్యారలల్ ట్రెండ్స్ అంటే ఇదే. మా పక్కింటావిడ మా అమ్మకి పెన్సిల్వేనియా కాదు!

తర్వాతంతా త్వరగా అయిపోయింది. ప్రపోజల్ మార్చి పంచాయతీల్లో మహిళా రిజర్వేషన్ల మీద రాశాను. బెంగాల్, రాజస్థాన్‌లలో ఏ పంచాయతీ అధ్యక్ష పదవి మహిళలకు వెళ్లాలో యాదృచ్ఛికంగా తేలింది కాబట్టే పరిశోధకులు చటోపాధ్యాయ్, డుఫ్లో 2004 పేపర్‌లో తాగునీటి పనుల పెరుగుదలను రిజర్వేషన్ ఖాతాలో వేయగలిగారు. ఏడాది వేస్ట్ చేశానని బంధువులన్నారు. వేస్ట్ కాదు, ఆ నాలుగు గళ్లకు పట్టిన టైమ్ అది. ఇక అందరూ చెప్పే సలహా నేనూ చెప్తాను: పొద్దున్నే 4కి లేవండి, ఫోన్ పక్కగదిలో పెట్టండి. (నేను 4కి లేచింది మొత్తం తొమ్మిది రోజులు.)

ఈసారీ అదే మేడమ్. అన్నీ అయ్యాక నవ్వి, "పక్కింటావిడ ఎలా ఉన్నారమ్మా?" అన్నారు.

"సంఘంలో చేరారు మేడమ్. వాళ్లబ్బాయికి ఉద్యోగం వచ్చాక."