నా మొగుడు చెడిపోయాడు (యోరుబాలో)

పోయిన వేసవిలో ఒక శనివారం మా అపార్ట్‌మెంట్ లాండ్రీ రూమ్‌లో నిలబడి, పక్కన బట్టలు మడతపెట్టుకుంటున్న నైజీరియా అక్కతో మహా గర్వంగా వాళ్ళ యోరుబా భాషలో ఒక వాక్యం వదిలాను. "ఒకొ మి తి బాజె." నా కారు చెడిపోయింది అని చెప్దామని. ఆవిడ చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని నన్నే చూసింది, తర్వాత డ్రైయర్ మీద చెయ్యానించి మరీ నవ్వింది. నేను అన్నది "నా మొగుడు చెడిపోయాడు" అనట. మా ఆయన పాపం పైన ఇంట్లో ఆఫీస్ కాల్‌లో ఉన్నాడు.

కారుకీ మొగుడికీ తేడా ఏంటంటే రెండో అక్షరం దగ్గర గొంతు కిందకి దించడం, అంతే. యోరుబాలో మూడు స్థాయిలు, కింద, మధ్య, పైన. వాళ్ళ పిల్లలకి డో రే మీ అని నేర్పుతారట, మనకైతే స రి గ అనుకోండి. 'ఒకొ' అనే మాటని రి రి అంటే మొగుడు, రి స అంటే బండి, రి గ అంటే పార, స స అంటే బల్లెం. ఇంకెప్పుడూ మర్చిపోను.

హ్యూస్టన్‌లో నైజీరియా వాళ్ళు బోల్డంత మంది, అది ఎవరైనా చెప్తారు. కానీ అదే లాండ్రీ రూమ్‌కి మౌల్మేన్ నుంచి వచ్చిన ఒక బర్మా పెద్దాయన కూడా వస్తాడు, నేను బాబాయ్ అంటాను, ఆయనకి అర్థం చెప్పాక తెగ సంతోషపడ్డాడు ఎందుకంటే వాళ్ళూ అంతే, బయటివాళ్ళని కూడా వరస పెట్టే పిలుస్తారు. ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్‌గా చేసిన ఊ థాంట్ గుర్తున్నాడా, అందులో 'ఊ' ఆయన పేరే కాదు, మావయ్యా అన్నట్టు గౌరవానికి పెట్టేది. ఆయన అసలు పేరు ఉత్త థాంట్, ఇంటిపేరు లేదు, బర్మా వాళ్ళకి ఇంటిపేర్లు ఉండవు.

ఇలా వీళ్ళిద్దరి మధ్యలో కూర్చుని బట్టలు ఆరేదాకా కబుర్లు చెప్పుకుంటూ ఈ రెండు భాషల పిచ్చి పట్టింది నాకు. నెట్‌లో ఎక్కడ చూసినా ఒకటే మాట, రెండూ టోనల్ భాషలు (గొంతు తీరు మారితే మాట అర్థమే మారిపోయేవి) అని. నాకైతే అది తమలపాకూ అరిటాకూ రెండూ ఆకులే అన్నట్టుంది. యోరుబాది పూర్తిగా శ్రుతి వ్యవహారం, ఎంతగా అంటే చంకలో పెట్టుకుని తాళ్ళు నొక్కుతూ వాయించే దుందున్ అనే డోలు మీద (మన డమరుకం ఆకారమే, సైజు పెద్దది) మాటల రాగాన్ని వాయిస్తే వినేవాళ్ళకి వాక్యం అర్థమైపోతుంది. బర్మీస్‌ని అలా డోలు మీద వాయించమంటే కుదరదని నా నమ్మకం, ఎందుకంటే అక్కడ ఎత్తు ఒక్కటే కాదు, ఒక టోన్‌లో ఊపిరి కాస్త వదలాలి, ఒకదాంట్లో గొంతు గీరుకుపోవాలి, ఇంకోదాంట్లో టక్కున మూసేయాలి.

దీనికి బాబాయ్ డిటర్జెంట్ డబ్బా మీద వేలితో రాసి చూపించిన ఉదాహరణ ఉంది చూశారూ, దానికి నేను ఫ్లాట్. ల, లా, లాః. మన ఒత్తులూ గుణింతాల లెక్కలోనే ఉంది కదా? ఉత్త 'ల' అంటే చంద్రుడు, నెల. 'లా' అంటే రా. 'లాః' అంటే ప్రశ్న, మన వాక్యం చివర 'ఆ' తగిలిస్తామే అది. ఆ చివరి రెండు చుక్కలు మన విసర్గే! కంప్యూటర్లో అక్షరాలకి వాడే యూనికోడ్ పట్టికలో కూడా దాని పేరు విసర్గే. మనం దుఃఖంలోనో అంతఃపురంలోనో తప్ప దాన్ని పట్టించుకోం, వాళ్ళేమో దానికి ఒక టోన్ గుర్తుగా ఫుల్‌టైమ్ ఉద్యోగం ఇచ్చారు. అసలు లిపి కూడా మన లిపిలాగే గుండ్రం, మూలం ఇద్దరికీ బ్రాహ్మీనే. మనం పొల్లు అంటామే, దాన్ని వాళ్ళు 'అసత్' అంటారు, అంటే చంపడం, అచ్చుని చంపేస్తుంది కాబట్టి. భాషని 'బాథా' అంటారు, రాజుని 'యాజా', సుఖాన్ని 'థుఖా', ఇవన్నీ పాళీ నుంచి వెళ్ళినవి, రాతలో 'స' ఉంటుంది, నోటికొచ్చేసరికి 'థ' అయిపోతుంది.

యోరుబా రాత కథ వేరు. చిన్నప్పుడే బానిసగా అమ్ముడుపోయి, 1822లో బ్రిటిష్ నౌకాదళం ఆ ఓడని పట్టుకోవడంతో బయటపడ్డ శామ్యూల్ అజాయి క్రౌథర్ 1843లో తన భాషకి పదకోశం అచ్చువేయించాడు, తర్వాత బిషప్ కూడా అయ్యాడు. ఇంగ్లీషు అక్షరాలే, కింద చుక్కలు, పైన గీతలు. మెసేజ్‌లలో మాత్రం ఆ చుక్కలూ గీతలూ ఎవరూ పెట్టరు, అక్క అయితే అస్సలు పెట్టదు. మరి మొగుడా బండా ఎలా తెలుస్తుంది అంటే, సందర్భం తల్లీ అంది.

సరే, నన్ను నిజంగా కుర్చీలోంచి లేపింది టోన్లు కాదు. "ఆ బుట్ట తీసుకురా" అని మా వాడితో అన్నాను ఒకరోజు. అక్క అర్థం అడిగితే విడగొట్టి చెప్పా, తీసుకో, రా. ఆవిడ వెంటనే మా భాషలోనూ అంతే, 'మూ వా', మూ అంటే పట్టుకో, వా అంటే రా అంది (తమిళంలో కూడా వా అంటే రానే, అది ఉత్త కాకతాళీయం లెండి). బాబాయ్ అటునుంచి 'యూ లా' అన్నాడు, యూ అంటే తీసుకో, లా అంటే రా! ఇంగ్లీషులో దీనికి బ్రింగ్ అని ఒకే ముద్ద, విడదీయలేం. భాషా కుటుంబాలు చూస్తే యోరుబాది నైజర్-కాంగో, బర్మీస్‌ది సినో-టిబెటన్, మనది ద్రావిడం, ఎక్కడా చుట్టరికం లేదు, ముగ్గురికీ బుట్ట రావాలంటే ముందు దాన్ని తీసుకోవాలి, తర్వాత మనిషి రావాలి.

పలకరింపు చూడండి ఇంక. బర్మాలో "థమిన్ సా పీ బీ లాః?" అంటారు. అన్నం, తిను, అయిపోయింది, ఆ? మన "అన్నం తినేశావా"కి ఒక్కో ముక్క అదే వరసలో! యోరుబాలో "షే ఎ తి జెఉన్?" అంటే ప్రశ్న ముందే వచ్చేస్తుంది, తర్వాత మీరు, తర్వాత అయిపోయింది, చివర తినడం, అద్దంలో చూసినట్టు తిరగబడింది. అయినా అందులో ఆ 'ఎ' మన 'మీరు' లాంటిదే, బహువచనమే గౌరవం, ఈడువాళ్ళకి 'ఓ'. మాట చివర అచ్చు ఉండాలనే విషయంలో మాత్రం యోరుబా మనకి సొంత అక్కచెల్లెలే. మన బస్సు వాళ్ళకి 'బోసి', బ్రెడ్డు 'బురెడి', కోర్టు 'కోటు'. ఇంగ్లీషు మాట ఎక్కడికెళ్ళినా దానికి తోక తగిలించే వాళ్ళు మనమొక్కళ్ళమే కాదన్నమాట.

బర్మాకి మనకీ ఉన్న పాత సంబంధం గురించి బాబాయ్ కాస్త మొహమాటంగానే చెప్పాడు. తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారట, కాకినాడ దగ్గర కోరంగి రేవులో ఓడెక్కి వెళ్ళేవాళ్ళు కాబట్టి. మా అమ్మమ్మ కూడా రంగూన్ అనేది కాదు, రంగం అనేది, ఫలానా వాళ్ళ తాత రంగం వెళ్ళి తిరిగి రాలేదు అని. 1930లో రంగూన్ రేవులో మన కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య పెద్ద గొడవలై ప్రాణాలు పోయాయి. ఆ మాట దగ్గర ఇద్దరం కాసేపు డ్రైయర్ చప్పుడు వింటూ కూర్చున్నాం.

అంకెల్లో మాత్రం బర్మీస్ సాదాసీదా, పదీ ఐదూ పదిహేను. యోరుబా లెక్క చూస్తే కళ్ళు తిరుగుతాయి. పదిహేను అంటే ఇరవైకి ఐదు తక్కువ, పదహారు ఇరవైకి నాలుగు తక్కువ. యాభై అంటే మూడిరవైలకి పది తక్కువ, నలభై ఐదు అంటే ఆ యాభైకి మళ్ళీ ఐదు తక్కువ. మొదట నవ్వొచ్చింది గానీ మనమూ 'పావు తక్కువ పది' అంటాం కదా గడియారం చూసి. పాతరోజుల్లో వాళ్ళ డబ్బు గవ్వలే, చిల్లి పొడిచి దండకి నలభై చొప్పున గుచ్చేవాళ్ళు. మన దగ్గర చిల్లిగవ్వకి విలువ లేదు, అక్కడ చిల్లి ఉన్న గవ్వే కరెన్సీ.

ఇంతా చెప్పి అక్క, మా పిల్లలెవరికీ ఈ లెక్క రాదు, పది దాటితే ఇంగ్లీషే అంది. నేను కాస్త పొగరుగా మా వాడికి వచ్చు అని వాణ్ణి పిలిచి, డెబ్బై తొమ్మిది అంటే ఎంతరా అన్నాను. వాడు వాషింగ్ మెషీన్‌లో క్వార్టర్ బిళ్ళలు వేస్తూనే, సిక్స్‌టీ నైన్ అన్నాడు.