పునాది కింది నల్లమట్టితో మా తిప్పలు

తిరుపతి చుట్టుపక్కల చాలావరకు ఎర్రనేలే. మా ప్లాటు మాత్రం చంద్రగిరి వైపు, ఒకప్పుడు చెరువు కింద వరి పండిన పొలంలో ఉంది. రెండడుగులు తవ్వగానే నల్లటి జిగటమట్టి తగిలింది. పక్కింటి ప్రహరీకి వేలు దూరేంత పగుళ్లు. అవి చూశాక నాకు నిద్ర పట్టలేదు. మేస్త్రీ మాత్రం "ఏం పర్వాలేదు సార్, కాంక్రీటు మందంగా వేసి కమ్మి పెంచుదాం" అన్నాడు.

సివిల్ ఇంజనీరైన మా మేనల్లుడికి ఫోన్ చేశాను. "మామా, కింద నేల తడిసి ఉబ్బితే పైన ఎంత సిమెంటు పోసినా గోడ ఆగదు. ముందు మట్టి పరీక్ష చేయించు" అన్నాడు.

ల్యాబ్‌లో పది గ్రాముల మెత్తటి మట్టిని నీళ్లున్న కొలజాడీలో, ఇంకో పది గ్రాములు కిరసనాయిలున్న జాడీలో వేసి ఒక రోజు వదిలేశారు. కిరసనాయిల్లో మట్టి ఉబ్బదు. అందులో 10 మిల్లీలీటర్ల దగ్గరే ఆగింది. నీళ్లలో 18 దాకా లేచింది. అంటే 80 శాతం ఉబ్బు! నా కళ్లతో చూశాక ఇక వాదనకు తావు లేదు.

పునాది కింది మట్టిలోనే సున్నం, సిమెంటు కలిపి, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి గట్టిపరచాలని ల్యాబ్ వాళ్లు చెప్పారు. ఒట్టి సిమెంటు సరిపోదు: జిగటమట్టి ఉండలు కడుతుంది, ఆ ఉండల్లోకి సిమెంటు దూరదు. సున్నం కలిపితే అందులోని కాల్షియం మట్టి గుణాన్నే మార్చి పొడిపొడిగా చేస్తుంది. అందుకే ముందు సున్నం, మర్నాడు సిమెంటు అన్నారు. సున్నం మట్టి బరువులో 5 శాతం, అంటే మా మట్టికి ఘనమీటరుకు దాదాపు 80 కిలోలు. చెమట మీద పడితే సున్నం మంట పెడుతుంది. కూలీలందరికీ గ్లౌజులు, కళ్లజోళ్లు తప్పనిసరిగా ఇప్పించండి.

మొదటి పొరే చెడింది. సిమెంటు కలిపాక రెండు గంటల్లోపు దిమ్మిస పూర్తి కావాలి. యంత్రం రావడం ఆలస్యమై మూడు గంటలు దాటింది. మర్నాడు గడ్డపారతో పొడిస్తే పెళ్లలుగా లేచింది. ఆ పొరంతా తీయించేశాను. చాలా బాధేసింది.

అప్పుడు మేనల్లుడు సిమెంటు బదులు స్లాగ్ పొడి వాడదామన్నాడు. ఇనుము కరిగించే కొలిమిలో మిగిలే చిట్టాన్ని నీళ్లతో చల్లార్చి, మెత్తగా నూరితే వచ్చేదే అది. సున్నం తోడైతేనే బాగా పట్టుకుంటుంది. మా మట్టిలో సున్నం ఎలాగూ ఉంది. నిదానంగా గట్టిపడుతుంది కాబట్టి దిమ్మిస కొట్టడానికి కావలసినంత సమయం దొరికింది. పైగా సిమెంటు తయారీలో సున్నపురాయిని కాల్చినప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడు భారం దీనికి లేదు. కొత్త నమూనాలు పరీక్షించి పాళ్లు ఖరారు చేసుకున్నాకే మళ్లీ పని మొదలుపెట్టాం.

15 సెంటీమీటర్ల చొప్పున నాలుగు పొరలు వేసి, తడి గోనెలు కప్పి నాలుగు వారాలు ఆగాం. ఆ ఆగడమే అన్నిటికన్నా కష్టం, ఇంట్లో రోజూ "పని ఎప్పుడు సాగుతుంది?" అనే ప్రశ్నే. ఇంత చేసినా లోతున ఉన్న నల్లమట్టి అలాగే ఉంటుంది కదా. అందుకే పునాది మీద, గోడల కింద చుట్టూ ప్లింత్ బీమ్ (కమ్మి పెట్టిన కాంక్రీటు దూలం) వేయాలనుకున్నాం. గోడల వెంట నీరు ఇంకకుండా ఇంటి చుట్టూ కాంక్రీటు అంచు కూడా పోయించాలనుకున్నాం.

పునాది పోసే ముందు రోజు మేస్త్రీయే రెండు గ్లాసుల్లో నీళ్లు తెచ్చాడు. ఒకదాంట్లో పచ్చి నల్లమట్టి గడ్డ, రెండోదాంట్లో మా పొర నుంచి తీసిన ముక్క వేశాడు. టీ తాగేలోపే మొదటిది బురదై కూలిపోయింది. రెండోది సాయంత్రం దాకా అంచు కూడా చెదరలేదు. "రేపు పొద్దున్నే పోసేద్దాం సార్" అన్నాడు.