మార్గశిర బుధవారం, విశాఖపట్నం వన్‌టౌన్

రేపు గురువారం. కనక మహాలక్ష్మి అమ్మవారి వారం కనక ఇక్కడ చాలా ఇళ్లలో నీచు ముట్టరు. తినేదేదో ఇవాళే తినేయాలి. అందుకే తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్ కిటకిటలాడింది. మామూలు రోజుల్లో కాసేపు నిలబడితే తగ్గే ధర మార్గశిర బుధవారం తగ్గదు. బేరం కాస్త సాగదీస్తే చాలు, గంప వెనకనుంచి కేక: "ఏటి బాబూ, కొంటావా, సూసెళ్లిపోతావా?"

బోట్ల దగ్గర జరిగే వేలంపాట పెద్ద వ్యాపారులది. ఒక్కో ట్రే చూపించి పాడతారు, రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇంటికి కిలో, రెండు కిలోలు కావలసినవాళ్లు అక్కడ అడ్డం నిలబడి లాభం లేదు. పాట అయ్యాక గంపలు పట్టుకుని పక్కకొచ్చే ఆడవాళ్ల దగ్గరే కొనాలి. కుప్ప వేసి అమ్ముతుంటే పైనున్న నాలుగింటినీ పక్కకి జరిపి అడుగున ఏమున్నాయో చూడాలి. పెద్దవి పైన, చితికినవి కింద పెట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. తూకమైతే కోయకముందే వేయించుకోవాలి, తల కూడా అడిగి తీసుకోవాలి. పులుసుకు తలే రుచి.

అన్నిటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది: తెప్ప చేపా, బోటు చేపా? తెప్ప రాత్రి వెళ్లి పొద్దున్నే వచ్చేస్తుంది. సరుకు కొంచెమే, నాలుగైదు రకాలు కలిసి ఉంటాయి. పెద్ద మరబోటు, నడిపే సరంగు, పనిచేసే కలాసీలతో పది, పదిహేను రోజులు సముద్రంలోనే ఉంటుంది. ఐసు సరిగ్గా వేస్తే బోటు చేపా బాగానే ఉంటుంది గానీ, మొదటి రోజు పడ్డదీ చివరి రోజు పడ్డదీ ఒకే ట్రేలోకి రావచ్చు. కాబట్టి ఒక చేప బాగుందని మొత్తం కుప్పను నమ్మకూడదు. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి. గోధుమ రంగుకి తిరిగి జిగురు పట్టిందంటే వదిలేయాలి. కన్ను ఉబ్బి నిగనిగలాడాలి, లోపలికి పోకూడదు. వేలితో నొక్కితే పడ్డ సొట్ట వెంటనే పైకి రావాలి. పొట్ట మెత్తబడితే లోపల పేగులు కుళ్లడం మొదలైనట్టే. మొప్పలు తీసేసి అమ్ముతున్న వంజరం జోలికి పోకపోవడమే మంచిది, చూడ్డానికి ఇంకేం మిగిల్చారని? రొయ్యకైతే తల చూడాలి. తల నల్లబడి, ఒంటి నుంచి ఊడి వస్తోందంటే ఐసు ఆలస్యంగా పడింది.

ఇవాళ కానాగంతలు (మాకెరెల్) చవక. చవకని సంచిలో వేసుకుని ఊరంతా తిరిగితే మాత్రం చేటే. కానాగంత, సూర (ట్యూనా) లాంటి చేపలు ఐసు లేకుండా ఎండలో గంటలకొద్దీ ఉంటే మాంసంలో హిస్టమిన్ పుడుతుంది. ఎంత మరిగించినా అది పోదు. తిన్న కాసేపటికి మొహం ఎర్రబడుతుంది, దద్దుర్లు, తలనొప్పి. చేప పడలేదనుకుంటాం, పడనిది ఎండ. మూతున్న స్టీలు క్యాను, అందులో చేపకు సమానంగా ఐసు, నేరుగా ఇంటికి. తిరగడం తర్వాత.

ఆ తిరుగుడు కొండల మీదికైతే మధ్యాహ్నం మూడు దాటాకే. పొద్దున సముద్రం వైపు చూస్తే ఎండ కళ్లలో కొడుతుంది. పాత పోస్టాఫీసు దగ్గర దిగితే మూడు కొండలూ దగ్గరే. ఒకదాని మీద రాస్ హిల్ చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదనీ దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. మధ్యలో ఓడలు లోపలికొచ్చే కాలువ. ఇరుకు కాబట్టి దారి తెలిసిన రేవు పైలట్ బయటే ఓడెక్కి నడిపిస్తాడు, టగ్గులనే చిన్న లాగుడు బోట్లు పట్టుకుని తీసుకొస్తాయి. పెద్ద ఓడ వీధి చివర్లోంచి పోతున్నట్టు కనబడుతుంది. నేవీ ఓడల వైపు కెమెరా తిప్పకండి, అంతే.

లోపలి రేవు ఉన్నచోట మొదట ఉప్పునీటి చిత్తడి. దాన్ని తవ్వి 1933లో రేవు తెరిచారు. కాలువ మూతిని అలల నుంచి కాపాడటానికి రెండు పాత ఓడల్లో రాళ్లు నింపి కావాలనే ముంచేశారు. అప్పటి నుంచి సముద్రం చేసుకునే పనికి అడ్డం పడ్డట్టయింది. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. రేవు గోడలు దాన్ని ఆపేస్తాయి. ఇసుక దక్షిణాన పోగుపడుతుంది, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి రావలసింది రాదు, అలలు మాత్రం ఉన్నది కోసుకుపోతాయి. అందుకే ఆ పోగుపడ్డ ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి, నీళ్లతో కలిపి గొట్టాల్లో బీచ్‌కి పంపుతారు. బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ కూర్చునే ఇసుకలో కొంత ఇలా గొట్టంలోంచి వచ్చిందే. పంపడం ఆలస్యమైన ఏడాది రోడ్డు గోడ కింద రాళ్లు తేలతాయి.

పొద్దుగూకేసరికి అమ్మవారి గుడి ఉన్న బురుజుపేటలో క్యూల కర్రలు కట్టేశారు. అర్ధరాత్రి దాటగానే గురువారం దర్శనాలు మొదలు. అమ్మవారికి పైకప్పు లేదు, ఆకాశం కిందే ఉంటుంది. ఎడమ చెయ్యి లేని విగ్రహం. పసుపు, కుంకుమ ఎవరి చేత్తో వాళ్లు వేసి పూజించుకునే గుడి ఇది. కానీ రేపటి తోపులాటలో అమ్మవారి ముందు నిలబడేది క్షణమే. పసుపు పొట్లం క్యూలో ఉండగానే విప్పి పట్టుకోవాలి, అక్కడికెళ్లాక ముడి విప్పుతుంటే వెనకవాళ్లు తోసేస్తారు. తీరిగ్గా చేసుకోవాలంటే మార్గశిరం పోనిచ్చి, ఏ మామూలు మంగళవారం పొద్దున్నో వెళ్లాలి.