తాతగారు చదివిన కాలేజీ

ఇక్కడ అమెరికాలో మా టీమ్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు. మా అమ్మాయి ఏ కాలేజీలకు అప్లై చేస్తోందో అడిగి, "మీ ఇంట్లో అక్కడ చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేకపోతే నేను పూర్వ విద్యార్థినే, కావాలంటే నాలుగు మాటలు రాసిపెడతాను" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. థాంక్స్ చెప్పాను గానీ ఆ రోజంతా ఒకటే చిరాకు. కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌లో 1600కి 1540 తెచ్చుకున్న పిల్లకి ఇంకొకరి మాటసాయం దేనికి?

మనం ఎంసెట్ ర్యాంకులతో పెరిగినవాళ్లం. కౌన్సెలింగ్‌లో ర్యాంకు, కేటగిరీ, లోకలా కాదా చూస్తారు. తాతగారి సంగతి ఎవరికీ అక్కర్లేదు. ఇక్కడ పూర్వ విద్యార్థుల పిల్లలకు కాలేజీలు ఇచ్చే ప్రాధాన్యాన్ని లెగసీ అంటారు, అంటే వారసత్వం. అప్లికేషన్‌లో అమ్మానాన్నలు ఏ కాలేజీలో చదివారో రాయడానికే ఒక గడి ఉంది. జేఎన్‌టీయూ అని నింపాం, దానికి ఎవరు కదులుతారని!

ఆసియన్ విద్యార్థులపై వివక్ష చూపుతోందని హార్వర్డ్ మీద వేసిన కేసు 2018లో విచారణకు వచ్చినప్పుడు లెక్కలు బయటపడ్డాయి. పూర్వ విద్యార్థుల పిల్లల్లో దాదాపు మూడోవంతు మందికి సీటు వచ్చిందట. మొత్తం మీద చూస్తే నూటికి ఆరుగురికే. 2023లో అమెరికా సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని చూడొద్దంది, ఈ వారసత్వం జోలికి మాత్రం పోలేదు. అదే ఏడాది ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం చెప్పింది ఇంకా మంట పుట్టించింది: స్కోరు సమానంగా ఉన్నా, మధ్యతరగతి పిల్లలకంటే అగ్ర ఒక్క శాతం ధనికుల పిల్లలు హార్వర్డ్‌లాంటి కాలేజీల్లో చేరే అవకాశం రెట్టింపుకు పైనే.

"మన దగ్గర మేనేజ్‌మెంట్ సీట్లు, ఎన్నారై సీట్లు లేవా?" అంటుంది మా ఆవిడ. ఉన్నాయి. కానీ అక్కడ సీటు కొన్నారనే అంటాం, ప్రతిభ అని పేరు పెట్టం. మొన్న మా కజిన్ కొడుకు మెడిసిన్‌లో ఎన్నారై సీటు కోసం నన్ను స్పాన్సర్ లెటర్ అడిగాడు. ఇంకా ఏమీ చెప్పలేదు, అది వేరే సంగతి.

ఎంఐటీ మాత్రం నాకు నచ్చింది. పూర్వ విద్యార్థుల పిల్లలని ప్రత్యేకంగా చూడదు. కోవిడ్‌లో ఆపేసిన శాట్‌ని 2022లోనే మళ్లీ తప్పనిసరి చేసింది. అమ్మాయి జాబితాలో దాన్ని పైకి జరిపించింది నేనే. "అక్కడ నూటికి ఐదుగురికి కూడా రాదు నాన్నా" అంది. వస్తే వస్తుంది, లేదంటే పక్కనే న్యూజెర్సీ ప్రభుత్వ యూనివర్సిటీ రట్గర్స్ ఉంది, ఫీజు కూడా తక్కువ.