సెల్ఫ్ కొట్టు, తల్లీ

"నువ్వు నేర్పించేది ఇంగ్లీషులో, తిట్టేది తెలుగులో."

మా అమ్మాయి ఈ మాట కోపంగా అనలేదు. గరాజ్‌లో ట్రక్కు పక్కన టార్చి పట్టుకుని నిలబడి, బయట మంచు పడుతోంది అన్నంత మామూలుగా అంది. అంతకు నిమిషం ముందే డీజిల్ ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా ఎలా వెళ్తుందో దానికి ఇంగ్లీషులో ఓపిగ్గా చెప్పాను. టార్చి కాస్త పక్కకి జరిగేసరికి మాత్రం "ధ్యాస ఎక్కడ పెట్టావే!" అని అరిచాను. ఆ అరుపు అచ్చ తెలుగు.

దానికి పద్నాలుగేళ్ళు. ఆదివారం తెలుగు క్లాసుకి ఇక వెళ్ళనని అప్పటికి రెండు వారాల క్రితమే తేల్చి చెప్పేసింది. నేను బతిమాలాను, బెదిరించాను, చివరికి బేరం పెట్టాను: క్లాసు మానెయ్, శనివారం నాతో ట్రక్కు పని చెయ్, తెలుగులో మాట్లాడుకుందాం అని. దానికి ట్రక్కు ఇష్టం, నాకు తెలుగు ఇష్టం, ఇద్దరికీ లాభమే అనుకున్నాను. మొదటి శనివారమే మాట తప్పింది నేనే.

ట్రక్కు అంటే అమెరికా సైన్యం వాడి పక్కన పెట్టిన ఎం35ఏ2 అనే సరుకుల బండి, 1971 మోడల్. ఆరు చక్రాలకీ ఇంజిన్ శక్తి అందుతుంది. మేముండే మిషిగన్ రాష్ట్రపు లాన్సింగ్‌లోనే ఒకప్పుడు రియో అనే కంపెనీ ఈ రకం బండ్లకి రూపమిచ్చిందని తెలిసి, అదేదో చుట్టరికం కలిసినట్టు కొనేశాను. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని "మీ ఏనుగు" అనే అంటుంది. అసలు కారణం మా నాన్నగారు. నా చిన్నప్పుడు ఆయన లారీ నడిపేవారు. విజయవాడ ఆటోనగర్‌లో ఆ లారీ పక్కన గ్రీజు వాసన పీలుస్తూ నేను గడిపిన సెలవులు నా కూతురికి కూడా ఇవ్వాలని నా ఆశ. అది అడిగిందా? లేదు.

అప్పటి తంటా ఇదీ: బండి స్టార్ట్ అవుతోంది, నిలబెట్టి ఉంచితే బాగానే ఆడుతోంది, గట్టు ఎక్కించబోతే దగ్గి ఊరుకుంటోంది. నేను వెంటనే బ్యాటరీలు మార్చాను. దీనికి 24 వోల్టులు కావాలి, అంటే రెండు బ్యాటరీలు, రెట్టింపు ఖర్చు. తగ్గలేదు. ఫిల్టర్లన్నీ మార్చాను. తగ్గలేదు. ఇక ఇంజెక్షన్ పంపే పోయిందని నిర్ణయించేసి రేట్లు వెతకడం మొదలుపెట్టాను.

అమ్మాయి మాత్రం సైన్యం వాళ్ళ మాన్యువల్ ముందేసుకుని కూర్చుంది. అందులో ప్రతి తంటాకీ మొదట ఏం పరీక్షించాలో, తేడా ఉంటే ఏం చెయ్యాలో వరసగా ఉంటుంది. తేలికవి ముందు, కష్టమైనవి తరువాత. "నాన్నా, స్విచ్ వెయ్యి" అంది. ఈ బండికి తాళంచెవి లేదు, డాష్‌బోర్డు మీద ఒక స్విచ్ అంతే. వేశాను. అది వెళ్ళి ట్యాంకుకి చెవి ఆనించింది. ట్యాంకులో ఉండే చిన్న పంపు గుంయ్‌మనాలట. చప్పుడు లేదు.

అక్కడ నేను ఫోన్ తీసి నాన్నగారికి వీడియో కాల్ చేశాను. ఇండియాలో అప్పుడు రాత్రి, ఆయన పడుకోబోతున్నారు. ఆయనకి ఈ బండి సంగతేం తెలుసు? అయినా "ఎర్త్ తగలట్లేదేమో చూడమ్మా" అన్నారు. మనవరాలికి అర్థం కాలేదు. ఇక్కడి వాళ్ళ 'గ్రౌండే' మన 'ఎర్త్' అని చెప్పాను. "అది కూడా ఇంగ్లీషే కదా!" అని నవ్వింది.

నిజమే. ఆటోనగర్ తెలుగు అని నేను ఇన్నాళ్ళూ గర్వపడిన దాంట్లో పేర్లన్నీ ఇంగ్లీషువే: సెల్ఫ్, ఎర్త్, ఎయిర్, గేర్. కమాను పట్టీలు, పానా లాంటివి ఏవో కొన్ని మినహాయింపు. కానీ క్రియలు మనవి. సెల్ఫ్ కొడతాం. ఎర్త్ తగలదు. బండి లాగదు. ఫిల్టర్‌లో గాలి పడుతుంది. ఇవి నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పక్కన నిలబడి విన్నానంతే. ఒక్క సంగతి మాత్రం దాటవేయలేను. మా నాన్నగారు కూడా నన్ను తెలుగులోనే తిట్టారు, కానీ మిగతావన్నీ కూడా తెలుగులోనే చెప్పారు. నా కూతురికి ఆ మిగతావన్నీ నేను ఇంగ్లీషులో ఇచ్చి, ఒక్క అరుపు మాత్రం మాతృభాషలో మిగిల్చాను. అది క్లాసుకి ఎందుకు వెళ్తుంది?

ట్యాంకు దగ్గర ఎర్త్ వైరు తుప్పు పట్టి ఉంది. గీకి, బిగించి, స్విచ్ వేస్తే పంపు గుంయ్‌మంది. ఫిల్టర్ల పైన స్క్రూ వదులు చేసి గాలి తీశాం. "సెల్ఫ్ కొట్టు, తల్లీ" అన్నాను. కొట్టింది. గాలి పీడనం 60 పౌండ్లు దాటేదాకా బజర్ చెవులు చిల్లులు పడేలా మోగింది, ఫోన్‌లో నాన్నగారు ఏదో అంటున్నారు, ఒక్క ముక్కా వినపడలేదు. బ్రేకులకి ఆ గాలి సాయం కావాలి, అందుకే అది నిండేదాకా బండి కదపను. ఆ విషయంలో మాత్రం నేను మొండివాణ్ణే. ఆపాలంటే స్విచ్ తీసేస్తే చాలదు, పక్కనున్న పిడి లాగాలి. ఆ పిడి లాగే హక్కు ఇప్పుడు దానిదే.

ఇది చదివి ఎవరైనా తమ పిల్లలతో పాత ట్రక్కు కొనేస్తారేమోనని నాకు భయం. కొనకండి. పైగా మా అమ్మాయికి వచ్చింది లారీ తెలుగు. ఉత్తరం రాయడం రాదు, అమ్మమ్మతో రెండు నిమిషాలకి మించి మాట్లాడలేదు. పెళ్ళిలో ఎవరో పెద్దాయన "బాగున్నావా అమ్మా" అంటే "ఆ, లాగుతోంది" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నిన్న మళ్ళీ స్టార్ట్ కాలేదు. బయట మైనస్ పది. నేను తెలుగులోనే మొదలుపెట్టాను, ఈసారి అరవకుండా, ఒక్కో మాటా వెతుక్కుంటూ. అది చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ కాసేపు విన్నది.

"నాన్నా, ఇంగ్లీషులో చెప్పేయ్. చలేస్తోంది."

చెప్పేశాను.