వర్లీలో నాలుగు రోజులు, నాయినతో

మాది కోస్గి దగ్గర ఒక చిన్న ఊరు. ఇప్పుడు నారాయణపేట జిల్లా అంటున్నారు గానీ మాకు ఎప్పటికీ పాలమూరే. మా వైపు బొంబాయి అంటే చూడ్డానికి వెళ్లే చోటు కాదు, బతుకపోయే చోటు. వానలు పడకపోయినా, అప్పు తీరకపోయినా, ఇంట్లో పెళ్లి పెట్టుకున్నా కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకొని, జొన్నపిండి మూట కట్టుకొని బస్సెక్కేవాళ్లు. మా నాయిన 2003లో అట్లాగే పోయి పదమూడేళ్లు సెంట్రింగ్ పని చేశాడు. మొదటి మూడేళ్లు అమ్మ కూడా ఆయనతోనే ఉంది, నన్ను నాయినమ్మ పెంచింది. అందుకే చిన్నప్పుడు బొంబాయి పేరు వింటే నాకు కోపం వచ్చేది, అమ్మానాయినలను తీసుకెళ్లిన ఊరు అది.

ఈసారి వెళ్లడానికి కారణం మా పెద్దమ్మ కూతురు. అక్క మెట్టినిల్లు బొంబాయిలోని వర్లీలో, బీడీడీ చాళ్లలో, అంటే వరుసగా ఒంటిగది ఇళ్లుండే పాత భవనాల్లో, జాంబోరీ మైదానం పక్కనే. ఆ చాళ్లను కూల్చి టవర్లు కడుతున్నారు. "మా ఖోలీ (గది) కూలగొట్టేలోపు ఒక్కసారి వచ్చిపోవే" అని ఫోన్ చేసిన ప్రతిసారీ అనేది. నాకు నర్సింగ్ అయిపోయింది, ఉద్యోగం ఇంకా వెతుక్కోవాలి, చేతిలో కొన్ని రోజులున్నాయి. నాయినను రమ్మంటే ముందు వద్దన్నాడు, రెండు రోజులు ఆలోచించి తనే బ్యాగు సర్దుకున్నాడు.

తాండూరులో సాయంత్రం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఇంకా తెల్లారకముందే దాదర్‌లో దిగాం. స్టేషన్ బయటికి రాగానే బంతిపూల వాసన. అంత చీకట్లో కూడా పూల మార్కెట్ నిండా జనం, రోడ్డు మీదే గుట్టలు గుట్టలుగా బంతి, చామంతి, తడి గోనెసంచులు, మధ్యలో తల మీద గంపలతో పరిగెత్తే మనుషులు. బొంబాయి అంటే నా తలలో ఉన్నది సిమెంటు దుమ్ము. మొదటి వాసనే పూలది కావడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. నాయిన మాత్రం టాక్సీ కోసం చూస్తున్నాడు. ఈ వైపు ఆటోలు తిరగవట, అన్నీ నలుపు పసుపు టాక్సీలే.

అక్క వాళ్ల గది 160 చదరపు అడుగులు. మా ఊళ్లో గొడ్ల కొట్టం ఇంతకన్నా పెద్దది, ఈ మాట బాధతోనే రాస్తున్నాను. అందులోనే వంట, మంచం, దేవుడి పటాలు, టీవీ, పిల్లల పుస్తకాలు, పైన చెక్కలతో కట్టిన అటక. బాత్రూములు వరండా చివర అందరికీ కలిపి. దాదాపు వందేళ్ల కింద కట్టిన ఇళ్లివి. కానీ పొద్దున ఆరింటికే ఆ వరండాలో ఒక తలుపు నుంచి తెలుగు, పక్క తలుపు నుంచి మరాఠీ వినబడుతుంటే, ఎవరింట్లో పాలు లేకపోయినా ఇంకొకరు గిన్నె తెచ్చి పెడుతుంటే, నాకు ఆ గది చిన్నగా అనిపించడం ఆగిపోయింది. బతుకమ్మ కూడా ఆ చాళ్ల మధ్యలోనే ఆడతారట. కొత్త టవర్లో 500 చదరపు అడుగుల ఫ్లాట్ వస్తుందని అక్క సంతోషంగానే ఉంది, వరండా మాత్రం ఉండదని రెండుసార్లు అంది.

బావ వాళ్లది మూడు తరాల బొంబాయి కుటుంబం. వాళ్ల తాత నూలు మిల్లులో పనిచేశాడు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లుల సమ్మె మొదలైంది, రెండున్నర లక్షల మంది దాకా పని ఆపేశారు. ఆ తర్వాత చాలా మిల్లులు మళ్లీ సరిగా నడవనే లేదు. తాత పనిచేసిన మిల్లూ మూతబడింది. రెండో రోజు బావ మమ్మల్ని లోయర్ పరేల్‌కి నడిపించుకుంటూ పోయి ఆ జాగా చూపించాడు. ఇప్పుడక్కడ అద్దాల టవర్ ఉంది. నాయిన అక్కడే ఆగిపోయాడు. కాసేపు తలెత్తి అంతస్తులు లెక్కపెట్టి, "గా పద్నాలుగో స్లాబు మేమే పోసినం బిడ్డా, రాత్రి పొద్దుగాల దాక" అన్నాడు. బావ వాళ్ల తాతకు పని పోయిన నేల మీదే మా నాయినకు పని దొరికింది. ఇద్దరివీ తెలుగిళ్లే, ఇప్పుడు చుట్టాలం కూడా. లోపలికి వెళ్లి చూద్దామా అంటే గేటు దగ్గర వాచ్‌మన్ వద్దన్నాడు. నాయిన ఏమీ అనుకోలేదు గానీ నాకు ఆ రోజంతా గొంతులో ముద్ద దిగలేదు.

కామాఠీపురా పేరు వెనక కథ కూడా బావే చెప్పాడు. రోడ్లూ ఇళ్లూ కట్టడానికి తెలుగు ప్రాంతం నుంచి వచ్చిన కామాటోళ్లు అక్కడ ఉండేవాళ్లట, వాళ్ల పేరే ఆ పేటకు. ఆ పేరు వేశ్యావాడగా తెలిసినవాళ్లే ఎక్కువ, అది మార్చుకోవాల్సిన అభిప్రాయం అనిపించింది.

లోకల్ రైలు గురించి కొంచెం రాయాలి. మూడో రోజు ఒక్కదాన్నే దాదర్ నుంచి లోయర్ పరేల్‌కి బయల్దేరి, తెలియక ఫాస్ట్ ట్రైన్ ఎక్కేశాను. దిగాల్సిన స్టేషన్ కిటికీలోంచి అట్లా వెళ్లిపోయింది, బండి మళ్లీ ఆగింది ముంబై సెంట్రల్‌లోనే. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. ఆ రోజు అమ్మ నారాయణపేట చీర కట్టుకున్నాను, ముదురు ఎరుపు మీద గళ్లు. ఆడవాళ్ల డబ్బాలో ఎదురుగా కూర్చున్న పెద్దావిడ చీర అంచు పట్టుకొని చూసి "నారాయణ్‌పేఠ్?" అంది. మరాఠీ ఆడవాళ్లకు మా చీరలంటే అంత ఇష్టమని విన్నాను గానీ, రైల్లో ఒక తెలియని మనిషి మా వైపు ఊరి పేరు పలుకుతుందని అనుకోలేదు. నాతో పాటు దిగి, వంతెన ఎక్కించి, ఏ ప్లాట్‌ఫాం మీద స్లో బండి వస్తుందో చూపించి మరీ వెళ్లింది. ఈ ఊళ్లో ఉండగలను అని మొదటిసారి అనిపించింది ఆ వంతెన మీదే.

సాయంత్రాలు మూడూ వర్లీ సీ ఫేస్‌లోనే గడిపాం. నేను అంతకుముందు చూసిన పెద్ద నీళ్లు మా వైపు కోయిల్‌సాగర్, జూరాల ప్రాజెక్టులవే. అవతలి గట్టు లేని నీళ్లు చూడటం నాకు ఇదే మొదలు. దూరంగా సముద్రం మీద కట్టిన సీ లింక్ వంతెన తీగలు, దాన్ని 2009లో తెరిచారు, నాయిన అప్పుడు ఇక్కడే ఉన్నాడు. పోటు వస్తే అల గోడకు కొట్టి మొహం మీద పడుతుంది, ఉప్పు పెదాల మీద గంటసేపు ఉంటుంది. నాయిన సిమెంటు గట్టు మీద కూర్చొని చెప్పాడు, పదమూడేళ్లలో సముద్రంలో కాలు పెట్టింది రెండే సార్లట, రెండూ వినాయకుని నిమజ్జనం నాడే. పని దగ్గర పరంజా కట్టెల మీద నిలబడి రోజూ చూసేవాడు గానీ దిగి వచ్చే టైం ఏది?

2005 జులై 26 గురించి కూడా అక్కడే అడిగాను. ఆ ఒక్క రోజు శాంతాక్రజ్‌లో 944 మిల్లీమీటర్లు కురిసింది, మా దగ్గర ఏడాదంతా కలిపినా అంత పడదు. నాకు అప్పుడు నాలుగేళ్లు. నాయినమ్మ ఎస్టీడీ బూత్ దగ్గర రోజంతా కూర్చుంది, నన్ను ఒళ్లో పెట్టుకొని. ఇటు నాయినా అమ్మా కట్టే బిల్డింగ్ మూడో అంతస్తులో, గోడలు కూడా లేని చోట, రెండు రాత్రులు ఉన్నారట. ఆ సంగతి నాకు ఇరవై ఏళ్ల తర్వాత ఆ గట్టు మీద తెలిసింది.

అయినా నాకు అక్కడ ఉండాలనే ఉంది. అన్నీ లెక్కలు వేసుకున్నాను. ఆసుపత్రి ఉద్యోగం దొరికినా జీతంతో వర్లీ వైపు అద్దె కట్టలేను, కల్యాణ్, డోంబివలీ లాంటి దూరపు శివార్లలో ఇంకో ఇద్దరితో గది తీసుకోవాలి, పొద్దున రైల్లో నిలబడే రావాలి. హిందీ వస్తుంది, మరాఠీ నేర్చుకోవాలి. వారానికి ఒక్క సాయంత్రమైనా సముద్రం దగ్గరికి రావాలి, అది మాత్రం వదులుకోను. మా ఇంటి నుంచి బొంబాయి పోయినవాళ్లంతా అప్పు కోసం పోయారు. నాకు ఇష్టమై వెళ్లాలని ఉంది.

చివరి రాత్రి గట్టు మీద నాయినతో ఆ మాట చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. లేచి ప్యాంటు దులుపుకుంటూ, "గది టేషన్‌కు దగ్గర్ల సూడు, కింది అంతస్తు తీసుకోకు, వానకు నీళ్లొస్తయ్" అన్నాడు. కొంచెం దూరం నడిచాక వెనక్కి తిరిగి, "అమ్మకు నేను జెప్త" అన్నాడు.